సౌజన్యారావు పంతులు ధర్మసంకటం: ‘కన్యాశుల్కం’లో వకీలు, కక్షిదారు, సాక్షి

‘కన్యాశుల్కం’ విమర్శలో సౌజన్యారావు పంతులుకు దక్కిన చోటు స్వల్పం. గిరీశం మాటకారితనం మీదా, మధురవాణి వ్యక్తిత్వం మీదా, రామప్పంతులు కుటిలత మీదా విస్తారంగా రాసిన విమర్శకులు పంతుల్ని రెండు మూడు విశేషణాలతో సాగనంపారు. ఆదర్శ సంస్కర్త అన్నారు. ఉదాత్తుడు గనుక నాటకీయంగా చప్పటివాడు అన్నారు. చిక్కుముడులన్నీ విప్పి తెర దించడానికి రచయిత తెచ్చిపెట్టుకున్న పెద్దమనిషి అన్నవారూ ఉన్నారు. ఈ అభిప్రాయాల్లో కొంత నిజం లేకపోలేదు. అయితే వీటన్నిటిలోనూ ఒక సామాన్య విషయం మరుగున పడింది. సౌజన్యారావు వృత్తిరీత్యా వకీలు. నాటకంలోకి అతడు సంస్కర్తగా అడుగుపెట్టలేదు. ఒక ఖూనీ కేసులో ముద్దాయి తరపు వకీలుగా అడుగుపెట్టాడు. ఆ ముద్దాయి సాక్షాత్తూ లుబ్ధావధాన్లు. ముసలితనంలో డబ్బు పోసి పసిపిల్లను కొనుక్కోబోయిన ఆ మనిషి చేసిన పని, సౌజన్యారావు తన జీవితమంతా ఏవగించుకున్న దురాచారమే.

తాను అసహ్యించుకునే మనిషి పక్షాన నిలబడి వాదించడం వకీలుకు ఎలా సాధ్యం అన్న ప్రశ్న న్యాయవృత్తి అంత పాతది. తెలుగు సాహిత్యంలో దాన్ని అంత గట్టిగా తడిమిన తొలి రచనల్లో ‘కన్యాశుల్కం’ ఒకటి. కాని గురజాడ ఆ ప్రశ్నను ఎదురుగా వేయలేదు. పాఠకుడు ఎదురుచూసిన చోట దాన్ని వదిలేసి, ఎదురుచూడని చోట ఎత్తుకున్నాడు. అసహ్యం, వృత్తిధర్మం ఢీకొన్నది వకీలుకూ కక్షిదారుకూ నడుమ కాదు; వకీలుకూ కక్షిదారును కాపాడగల సాక్షికీ నడుమ. ఆఖరి అంకానికి ఉన్న బలమంతా ఈ మలుపులో ఉంది.

ముందు కేసు స్వరూపం చూడాలి. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని పద్దెనిమిది వందల రూపాయలకు రామచంద్రపురం అగ్రహారం లుబ్ధావధాన్లకిచ్చి పెళ్లి చేయడానికి నిశ్చయిస్తాడు. మేనమామ కరటకశాస్త్రి ఆ సంబంధం తప్పించడానికి పూనుకుంటాడు. తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, గుంటూరు శాస్త్రుల్లు అవతారమెత్తి, ఆ ‘పిల్ల’ను లుబ్ధావధాన్లకు అమ్ముతాడు. పెళ్లి జరుగుతుంది. పని ముగిసిన ‘పెళ్లికూతురు’ మధురవాణి సాయంతో జారుకుంటుంది. పిల్ల కనబడకుండా పోవడంతో ముసలివాడే చంపేశాడన్న నేరం అతని మెడకు చుట్టుకుంటుంది. చచ్చిపోయిందంటున్న పిల్ల చావలేదు, ఆ మాటకొస్తే పిల్లే కాదు. ముద్దాయి మీద మోపిన నేరం జరగడానికి వీల్లేని నేరం.

ఈ కల్పనలోని చమత్కారాన్ని ప్రహసనపు ఎత్తుగా చూసి నవ్వుకోవడం సులువు. కాని నేరాన్నీ తప్పునూ గురజాడ ఎంత జాగ్రత్తగా విడదీశాడో గమనిస్తే నవ్వు కాస్త తగ్గుతుంది. లుబ్ధావధాన్లు చేసినదేమిటి? ఆడపిల్లను కొన్నాడు. దానికి శిక్ష వేసే చట్టం అప్పట్లో లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో అది నేరం కాదు. 1891 నాటి సమ్మతి వయసు చట్టం దాంపత్య సంబంధానికి వయోపరిమితి పెంచిందే గాని పెళ్లి జోలికి పోలేదు. బాల్యవివాహాలను అరికట్టే శాసనం 1929లో గాని రాలేదు. కన్యాశుల్కాన్ని అదుపుచేయడానికి విజయనగరం మహారాజు ఆనందగజపతి మద్రాసు శాసనసభలో తెచ్చిన బిల్లు చట్టం కాలేకపోయింది. అదే మహారాజు ఉత్తర్వుతో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన ఇటువంటి పెళ్లిళ్ల జాబితా తయారైంది. 1897లో అచ్చయిన తొలి కూర్పు ఆంగ్ల పీఠికలో గురజాడ ఆ లెక్కలు పేర్కొన్నాడు: మొత్తం 1,034 పెళ్లిళ్లు, వాటిలో పెళ్లినాటికి అయిదేళ్లున్న పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకు మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు. ఈ వెయ్యిచిల్లర పెళ్లిళ్లు చేసుకున్న వరుల్లో ఒక్కడినైనా ఆ కొనుగోలుకుగాను బోనెక్కించగల సెక్షను లేదు. లుబ్ధావధాన్లు వాళ్లలో ఒకడు. అతడు నిజంగా చేసిన పనిని కోర్టు అడగదు. చేయని పనికి ఉరికంబం చూపిస్తుంది.

అందుకే సౌజన్యారావు అతని పక్షాన నిలబడడంలో వైరుధ్యం పైకి కనిపించినంత లేదు. ముసలివాడు హంతకుడు కాడని అతని నమ్మకం. నిరపరాధిని ఉరికంబం నుంచి తప్పించడం సజ్జనుడికి కష్టమైన పని కాదు, ఆ నిరపరాధి ఎంత రోతమనిషైనా సరే. న్యాయశాస్త్ర చరిత్రలో వకీళ్లను నిజంగా వేధించిన సందర్భాలు వేరే రకానివి. 1840లో లండనులో లార్డ్ విలియం రస్సెల్ హత్యకేసులో ముద్దాయి కూర్వోజియే, విచారణ నడుమ తానే చంపానని తన వకీలు చార్లెస్ ఫిలిప్స్ దగ్గర ఒప్పుకున్నాడు. నిజం తెలిసిపోయాక కూడా ఫిలిప్స్ వాదన కొనసాగించాడు. ముద్దాయికి ఉరి తప్పలేదు, వకీలుకు దశాబ్దాల నింద తప్పలేదు. మన దేశంలో బార్ కౌన్సిల్ నియమాలు ఈ విషయంలో తేటగా ఉన్నాయి: ముద్దాయి దోషా కాదా అన్న సొంత అభిప్రాయంతో నిమిత్తం లేకుండా వకీలు అతని పక్షాన వాదించాలి. ఫలానా ముద్దాయికి ఎవరూ వకాల్తా పుచ్చుకోరాదని బార్ సంఘాలు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లో మహమ్మద్ రఫీ కేసులో తేల్చి చెప్పింది. ఫిలిప్స్‌కు ఎదురైన పరీక్ష సౌజన్యారావుకు ఎదురుకాదు. గురజాడ తన వకీలుకు ఆ బరువు తప్పించాడు. ఇక్కడితో ఆగితే, విమర్శకులన్నట్టు, పంతులు సౌకర్యంగా ఉదాత్తుడైన పాత్రగా మిగిలిపోయేవాడు.

గురజాడ ఆగలేదు. తనకు రోత పుట్టించే కక్షిదారును సులభంగా భరించగలిగిన వకీలు ఎదుటికి, అతడు ససేమిరా భరించలేని మనిషిని పంపించాడు. సౌజన్యారావు వేశ్యల ముఖం చూడనన్న నియమం పెట్టుకున్నవాడు. మద్రాసులోని సంస్కర్తలు 1893లో గవర్నరుకూ వైస్రాయికీ నాచ్ వ్యతిరేక మహజర్లు పంపిన కాలమది. రాజమండ్రిలో వీరేశలింగం భోగంమేళాలను ఏళ్ల తరబడి చెరిగిపారేసిన కాలమది. ఆ ఉద్యమం నీడలోనే ఈ పాత్ర రూపుదిద్దుకుంది. మధురవాణి మగవేషం వేసుకుని రాత్రివేళ అతని ఇంటికి రావలసివచ్చిందంటే కారణం ఇదే. ఆడదానిగా, వేశ్యగా వస్తే ఆ గుమ్మం ఆమెకు తెరుచుకోదు. పసిపిల్లను కొన్న ముసలివాడికి కక్షిదారుగా తెరుచుకున్న గుమ్మం, ఆ కొనుగోలును చెడగొట్టడంలో చేయివేసిన మనిషికి మూసుకుని ఉంది. ఈ వైపరీత్యాన్ని గురజాడ ఏ పాత్ర చేతా వ్యాఖ్యానింపజేయలేదు. వేషం చేత చెప్పించాడు.

ఆ తర్వాత నడిచే బేరమే ఈ నాటకంలో వకీలు వృత్తికి పెట్టిన అసలు పరీక్ష. లుబ్ధావధాన్లను కాపాడగల నిజం ఒక వేశ్యకు తెలుసు. ఆ నిజం చెప్పడానికి ఆమె ఫీజు అడుగుతుంది. ఫీజు ఒక ముద్దు. వకీళ్లకు ఫీజు పుచ్చుకోవడం అలవాటే గాని ఇచ్చుకోవడం అలవాటు కాదు. పైగా ఈ ఫీజు డబ్బుతో తీరేది కాదు. సౌజన్యారావు తటపటాయిస్తాడు. ఒకవైపు తన వ్రతం, మరోవైపు తన కక్షిదారు ప్రాణం. వ్రతం నిలుపుకుంటే ఆ శుచిత్వానికి మూల్యం చెల్లించేది తాను కాదు, ముసలివాడు. ఆ సంగతి అతనికి అర్థమవుతుంది. బెట్టు వదిలి ఒప్పుకుంటాడు. అతడు ఒప్పుకున్నాక, చెడనివారిని చెడగొట్టరాదన్న తల్లి మాట తలచుకుని మధురవాణే ఆ ఫీజును వదులుకుంటుంది.

ఈ సన్నివేశంలో సంకటమంతా, కక్షిదారు ప్రయోజనానికి అడ్డువచ్చినప్పుడు వకీలు తన మంచితనాన్ని ఎంతవరకు దాచుకోవచ్చు అన్నదే. వకీళ్లు సాధారణంగా వేసుకునే ప్రశ్న తలకిందులైంది. రోతమనిషి పక్షాన వాదిస్తే తన చేతులకు మట్టి అంటుతుందేమోనన్నది మామూలుగా వృత్తిలోని భయం. తన చేతులు శుభ్రంగా ఉంచుకోవాలన్న పట్టుదల వల్లనే ఒక మనిషి ఉరికంబం ఎక్కవచ్చునన్నది గురజాడ చూపిన భయం. 1792లో థామస్ పెయిన్ పుస్తకాన్ని సమర్థిస్తూ వాదించినందుకు ఎర్‌స్కిన్ యువరాజు కొలువులోని పదవిని పోగొట్టుకున్నాడు. వకీలు త్యాగానికి అది పాఠ్యపుస్తకాల ఉదాహరణ. పదవి పోవడంలో పరువు పెరిగే అవకాశం ఉంది. సౌజన్యారావును వదులుకోమన్నది ఆ పరువునే.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. ముద్దు బేరం కేవలం రంగస్థలపు చమత్కారమనీ, ప్రేక్షకుల కుతూహలాన్ని చివరిదాకా నిలపడానికి వాడిన ఎత్తనీ, దానికి ఇంత బరువు మోపడం సబబు కాదనీ అనవచ్చు. సన్నివేశంలో హాస్యం ఉన్న మాట వాస్తవం. అయితే చమత్కారం మాత్రమే కావాలంటే మధురవాణి ఏ నగో నాణెమో అడిగినా సరిపోయేది. లేదా కేసుతో సంబంధం లేని మరో సందర్భంలో పంతుల వ్రతం చెడగొట్టినా సరిపోయేది. గురజాడ ఆ రెండింటినీ కాదని, వ్రతభంగాన్ని కక్షిదారు ప్రాణంతో ముడిపెట్టాడు. ఆ ముడి తీసేస్తే సన్నివేశం నిలవదు. మధురవాణి మరో చోట కూడా న్యాయం తెలిసిన మనిషిగానే ప్రవర్తిస్తుంది. లుబ్ధావధాన్ల మీద ఆమెకు గౌరవం లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. అయినా చేయని ఖూనీకి అతడు చావడం ఆమెకు ఇష్టం లేదు. చట్టం చదవని ఈ స్త్రీ, కక్షిదారును ప్రేమించకుండానే కాపాడడం అనే వకీలు ధర్మాన్ని వకీలు కంటే ముందు ఆచరించింది. నాటకం సంస్కరణ ప్రచారం కోసమే పుట్టలేదన్న వాదం, 2007లో వెల్చేరు నారాయణరావు ఆంగ్లానువాదం వెలువడ్డాక మరింత బలపడింది. ఆ వాదానికి ఈ సన్నివేశం కంటే గట్టి ఆధారం నాటకంలో మరొకటి దొరకడం కష్టం.

మరొక చిక్కు ఉంది, విమర్శ దాన్ని అంతగా పట్టించుకోలేదు. ముసలివాణ్ని కాపాడే నిజం కరటకశాస్త్రిని ముంచుతుంది. పెళ్లికూతురు మగపిల్లవాడని బయటపడితే ఆ మోసానికి కర్త ఎవరన్న ప్రశ్న వస్తుంది. కరటకశాస్త్రి ఆ మోసం చేసింది మేనకోడలిని కాపాడడానికి. అతని భయం చివరి అంకంలో దాగలేదు. అంటే ఇక్కడ సత్యం దుర్మార్గుడికి రక్ష, సజ్జనుడికి గండం. మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఎవరో ప్రేక్షకుడికి తెలుసు గనుక న్యాయం ఎటు మొగ్గాలో కూడా తెలుసనిపిస్తుంది. గురజాడ ఆ ధీమాను సున్నితంగా కుదిపాడు. దీన్ని అతడు పూర్తిగా విప్పలేదన్నది ఒప్పుకోవలసిన లోపం. విచారణ రంగస్థలం మీద జరగదు. తీర్పు వినబడదు. గిరీశం బండారం బయటపడడంతో, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటుతో కథ ముగుస్తుంది. ఎవరి ప్రాణం కోసం ఇంత బేరం నడిచిందో ఆ ముసలివాడి సంగతి నాటకమే మరిచిపోయినట్టుంటుంది.

గురజాడకు కోర్టుల సంగతి పుస్తకాల వల్ల తెలిసింది కాదు. 1897లో ఆనందగజపతి మరణం తర్వాత రీవా మహారాణి ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేస్తూ, 1913లో రాజీతో ముగిసిన సంస్థానపు వారసత్వ దావా పనుల్లో మునిగి తేలాడు. 1909 నాటి రెండవ కూర్పు ఆ ఏళ్లలోనే తయారైంది. పెరిగిన ఆ కూర్పులో వ్యాజ్యాల వాతావరణం అంత చిక్కగా ఉండడం ఆశ్చర్యం కాదు. అగ్నిహోత్రావధాన్లకు వ్యాజ్యాలు వ్యసనం. కూతుళ్లను అమ్మిన సొమ్ము కోర్టుఖర్చులకు పోవలసిందే. రామప్పంతులుకు అవే జీవనోపాధి. అగ్నిహోత్రావధాన్ల వ్యాజ్యం చుట్టూ తిరిగే నాయుడికీ భీమారావు పంతులుకూ కక్షిదారు ఎలాంటివాడన్న ప్రశ్నే తట్టదు. వకాల్తా ఎవరికి దక్కుతుందన్నదే వారి గొడవ. సౌజన్యారావు సంకటం విలువ ఈ నేపథ్యం మీదనే తెలుస్తుంది. సంకటం కలగడమే ఆ కోర్టు ఆవరణలో అరుదైన సంగతి.

గురజాడ తర్వాత ఇదే ప్రాంతం మరో రచయితను ఇచ్చింది. 1922లో శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో ప్లీడరీ చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ఈ ప్రశ్నను మళ్లీ ఎత్తుకున్నాడు, ఈసారి లోపలి నుంచి. 1960ల తొలినాళ్లలో వచ్చిన ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధం చుట్టూ అల్లినవి. 1937 నాటి మద్రాసు మద్యనిషేధ చట్టం ఆంధ్ర జిల్లాల్లో సారా ఆపలేకపోయింది గాని, కోర్టులకు నిత్యం కేసులు మేపింది. ఆ కేసుల్లో ముద్దాయిలు పేదలు, వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. వాళ్ల తరపున నిలబడే ప్లీడర్లకు రోత పుట్టడానికి పెద్ద కారణాలేమీ కనబడవు. ముద్దాయి హంతకుడు కాడు, పసిపిల్లల్ని కొన్నవాడు కాడు. సారా అమ్ముకున్న మనిషి.

‘మాయ’ కథలో రావిశాస్త్రి దిశ మార్చాడు. సారా కేసులో చిక్కిన ముత్యాలమ్మ, కొత్తగా వృత్తిలోకి వచ్చిన కుర్ర ప్లీడరుకు తన కేసు గురించి చెప్పవలసింది పోయి కోర్టు గురించి చెబుతుంది. ఉత్తరాంధ్ర పలుకుబడిలో పరుగులు తీసే ఆ సుదీర్ఘమైన మాటల్లో పోలీసు, ప్లీడరు, మేజిస్ట్రేటు ఒకే అంగడిలో కూర్చున్నవాళ్లుగా కనిపిస్తారు. ఎవరి సరుకు వాళ్లు అమ్ముకుంటున్నారు. తాను సారా అమ్ముకుంది. చట్టం చదువుకున్న కుర్రవాడికి ఆమెను ఎలా సమర్థించాలన్నది సమస్య. ఆమె సమస్య వేరు. తన పక్షాన మాట్లాడతానంటున్న ఈ మనిషి ఎలాంటి మనిషో ఆమె తూచి చూస్తోంది.

కక్షిదారును చూసి వకీలు ముక్కు మూసుకోవడం సర్వత్రా తెలిసిన సంగతి. వకీలును చూసి కక్షిదారు ముక్కు మూసుకోవడం రావిశాస్త్రి చేర్చిన సంగతి. దీన్ని అతని వర్గదృష్టికి మాత్రమే ఆపాదించి ఊరుకోవడం చాలదు. ప్లీడరుగా తానే ఆ అంగడిలో ఒక దుకాణం పెట్టుకున్నవాడి ఆత్మపరిశీలన అందులో ఉంది. గురజాడ కోర్టును దావా తరపున చూశాడు గాని నల్లకోటు వేసుకోలేదు. అందుకే అతని వకీలుకు ఉదాత్తత మిగిలింది. రావిశాస్త్రి వేసుకున్నాడు, కనుక ఆ ఉదాత్తతను అనుమానించాడు. రెండవవాడి వ్యంగ్యం ఎక్కువ పదునైనది. అయితే ‘మాయ’లో కుర్ర ప్లీడరుకు వినడమే తప్ప వదులుకోవలసింది ఏదీ లేదు, ముత్యాలమ్మ మాటల వేడి అతనికి తగిలినా, దాని మూలంగా అతడు ఒక నిర్ణయం తీసుకోవలసిన అవసరం కథలో కలగలేదు. ఆ విషయంలో గురజాడ నాటకమే వకీలును ఎక్కువ ఇరుకున పెట్టింది.

రెండు రచనల్లోనూ కేసు సంగతి వకీలుకు విప్పి చెప్పేది స్త్రీయే, ఇద్దరు స్త్రీలూ మర్యాదస్థుల గుమ్మం బయటివాళ్లే. మధురవాణి లోపలికి రావడానికి మగబట్టలు కావలసివచ్చాయి. ముత్యాలమ్మకు ఏ వేషమూ అక్కరలేదు. ఆమె ముద్దాయి. పోలీసులే ఆమెను కోర్టుకు తీసుకొచ్చారు.